ట్రాన్సిస్టర్ నాయిస్ పారామీటర్లు: డేటాషీట్ చాలునా, ట్యూనర్ కావాలా, ఎఫ్50 సరిపోతుందా?

లో నాయిస్ యాంప్లిఫయర్ (బలహీనమైన సిగ్నల్‌ని తన నాయిస్ ఎక్కువ కలపకుండా పెంచే సర్క్యూట్) డిజైన్‌కి కూర్చున్న ప్రతివాళ్లకీ ఒక దశలో ఈ సందేహం వస్తుంది. చేతిలో ట్రాన్సిస్టర్ ఉంది, ఎస్-పారామీటర్లు (సిగ్నల్ ఎంత వెనక్కొస్తుందో, ఎంత దాటుతుందో చెప్పే అంకెలు) ఉన్నాయి. మరి నాయిస్ అంకెలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? డేటాషీట్‌లో ఉన్నవి వాడుకోవచ్చా, మనమే కొలవాలా? కొలిస్తే ఏ పద్ధతిలో? ట్రాన్సిస్టర్‌కి ఎదురుగా ఉండే ఇంపీడెన్స్‌ని మార్చే పరికరం ట్యూనర్; ఆ సెటప్ అంటే ఖరీదైన వ్యవహారం. అలాగని తప్పు అంకెలతో బోర్డు వేయించి, అది తిరిగొచ్చాక తల పట్టుకోవడం కూడా ఖరీదైనదే.

నాయిస్ పారామీటర్లు నాలుగు. ఆ బయాస్‌లో, ఆ ఫ్రీక్వెన్సీలో ఆ ట్రాన్సిస్టర్ ఇవ్వగల అతి తక్కువ నాయిస్ ఫిగర్‌ని (ట్రాన్సిస్టర్ తనవైపు నుంచి ఎంత నాయిస్ కలుపుతుందో చెప్పే అంకెని) ఎఫ్‌మిన్ అంటాం. అది రావాలంటే గేటుకి, అంటే ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్‌కి, ఎదురుగా ఉండాల్సిన రిఫ్లెక్షన్ కోఎఫిషియంట్ గామా ఆప్ట్. దీనికి మాగ్నిట్యూడ్, ఫేజ్ కలిపి రెండు అంకెలు. నాలుగోది నాయిస్ రెసిస్టెన్స్, అంటే ఆర్‌ఎన్. మనం గామా ఆప్ట్ నుంచి పక్కకు జరిగితే నాయిస్ ఎంత వేగంగా పెరుగుతుందో ఇది చెబుతుంది.

దాదాపు అందరూ ముందు ఎఫ్‌మిన్ చూస్తారు. నేను ముందు ఆర్‌ఎన్ చూస్తాను. ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చేది అదే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

రెండు ట్రాన్సిస్టర్లు తీసుకోండి. రెండింటికీ ఎఫ్‌మిన్ 0.4 డీబీ. మొదటిది పెద్ద గేటు ఉన్నది: ఆర్‌ఎన్ 4 ఓమ్‌లు, గామా ఆప్ట్ 0.6, 60 డిగ్రీలు. రెండోది చిన్న గేటు ఉన్నది: ఆర్‌ఎన్ 20 ఓమ్‌లు, గామా ఆప్ట్ 0.85, 20 డిగ్రీలు. ఇప్పుడు రెండింటిలోనూ గామా ఆప్ట్ ఫేజ్‌లో 20 డిగ్రీలు పొరబడ్డామనుకుందాం. మొదటిదాని నాయిస్ ఫిగర్ 0.40 నుంచి 0.44 డీబీకి వెళుతుంది. ఇన్‌పుట్‌లో వాడే ఇండక్టర్ నష్టం ముందు ఇదేమంత లెక్కలోకి రాదు. రెండోది 0.40 నుంచి ఏకంగా 0.96 డీబీకి పోతుంది. తప్పు ఒకటే, శిక్ష మాత్రం పదింతలకు పైనే. మొదటి ట్రాన్సిస్టర్‌కి డేటాషీట్ చాలు. రెండోదానికి డేటాషీట్ నమ్మి బోర్డు వేయించడం జూదం.

అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ సిస్టమ్‌కి అంత తక్కువ నాయిస్ అవసరమా? తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న, వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో ఆకాశం నుంచి వచ్చే నాయిసే, ఉష్ణోగ్రతగా చెబితే, వేల కెల్విన్లు ఉంటుంది. అక్కడ 0.4 డీబీకీ 1 డీబీకీ మధ్య తేడా, అంటే 28 కెల్విన్లకీ 75 కెల్విన్లకీ తేడా, వెతికినా కనబడదు. అదే 1420 మెగాహెర్ట్జ్ హైడ్రోజన్ లైన్‌కి వస్తే చల్లని ఆకాశం కొద్ది కెల్విన్లే. అక్కడ ప్రతి 0.1 డీబీ, అంటే దాదాపు 7 కెల్విన్లు, పరిశీలన సమయాన్ని తినేస్తుంది. ముందు మీరు ఏ వైపు ఉన్నారో తేల్చుకోండి.

డేటాషీట్‌ని ఎంతవరకు నమ్మొచ్చు

ప్యాకేజీలో వచ్చే పీహెచ్‌ఈఎంటీలకి (తక్కువ నాయిస్ ఉండే ఒక రకం ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లు, అంటే ఎఫ్ఈటీలు), 1 నుంచి 6 గిగాహెర్ట్జ్ మధ్య పనికి, నా మొదటి ఎంపిక ఎప్పుడూ డేటాషీటే. కానీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండేది చదవకుండా మాత్రం కాదు. ఏటీఎఫ్-54143 తీసుకోండి. 2 గిగాహెర్ట్జ్‌లో, 3 వోల్టులు, 60 మిల్లీఆంప్స్ దగ్గర 0.5 డీబీ అని పేరు తెచ్చుకున్న ట్రాన్సిస్టర్. ఈ కుటుంబం డేటాషీట్లలో ఒక ముఖ్యమైన వాక్యం ఉంది. 2 గిగాహెర్ట్జ్, ఆపైన ఇచ్చిన ఎఫ్‌మిన్ విలువలు 16 వేర్వేరు ఇంపీడెన్సుల దగ్గర కొలిచి లెక్కగట్టినవి. 2 గిగాహెర్ట్జ్‌కి దిగువన ఇచ్చినవి కొలిచినవి కావు, పైవాటిని బట్టి కిందికి పొడిగించినవి. 900 మెగాహెర్ట్జ్‌లో డిజైన్ చేస్తూ ఆ గీత కింద ఉన్న అంకెను కొలతగా పట్టుకుంటే పునాదిలోనే పొరపాటు.

రెండో చిన్న అక్షరం రిఫరెన్స్ ప్లేన్ గురించి, అంటే అంకెలు ఏ బిందువు దగ్గర తీసినవో అన్నదాని గురించి. అదే డేటాషీట్‌లో అంకెలన్నీ 0.025 అంగుళాల అల్యూమినా మీద, గేటు లీడు చివర దగ్గర తీసినవి. సోర్స్ లీడ్లని గ్రౌండ్‌కి కలిపే నాలుగు వయా రంధ్రాల ప్రభావం కూడా వాటిలో కలిసే ఉంది. మీరు 1.6 మిల్లీమీటర్ల ఎఫ్‌ఆర్4 మీద రెండే వయాలు పెట్టి అవే అంకెలు వాడితే, మీ సోర్స్ లీడుకి ఇండక్టెన్స్ ఎక్కువ. ఎస్11 (ఇన్‌పుట్ నుంచి వెనక్కొచ్చే సిగ్నల్ అంకె) మారుతుంది, గామా ఆప్ట్ కూడా కొంత జరుగుతుంది. సిమ్యులేటర్‌లో వయాలు మళ్లీ గీస్తే రెండుసార్లు లెక్కించినట్టు, గీయకపోతే తేడాని వదిలేసినట్టు. నేను ముందు డేటాషీట్‌లోని నాలుగు వయాల ఇండక్టెన్స్‌ని అంచనా వేసి తీసేసి, మా బోర్డు వయాలని పెడతాను. అది కచ్చితం కాకపోయినా, ఊరికే వదిలేయడం కంటే చాలా నయం.

అంకెలు భౌతికంగా సాధ్యమైనవేనా అని చూసే పరీక్ష ఒకటుంది. ఇది రెండు నిమిషాల పని, ఇప్పటికీ చాలామంది చేయరు. ఆర్‌ఎన్‌ని గామా ఆప్ట్‌కి సంబంధించిన ఆప్టిమం కండక్టెన్స్‌తో గుణించండి. వచ్చినదాన్ని 4తో గుణించండి. ఎఫ్‌మిన్‌ని డీబీలో కాకుండా మామూలు నిష్పత్తిగా మార్చి, అందులోంచి 1 తీసేసి, దాంతో భాగించండి. ఫలితం 1 కంటే తక్కువ రాకూడదు. అలాంటి ట్రాన్సిస్టర్ ఈ లోకంలో ఉండదు. ఎఫ్ఈటీలకి ఇది మామూలుగా 1కీ 2కీ మధ్య ఉంటుంది. పైన చెప్పిన మొదటి ట్రాన్సిస్టర్‌కి 1.08 వస్తుంది, రెండోదానికి 1.39. మొదటిదాని ఆర్‌ఎన్ 4 బదులు 2 ఓమ్‌లు అని ఎవరైనా రాస్తే 0.54 వస్తుంది. అంటే ఆ వరుసలో ఏదో ఒక అంకె తప్పు. డిజైన్ మొదలెట్టకముందే ఫైలు పక్కన పెట్టేయొచ్చు.

ఫ్రీక్వెన్సీతో పాటు అంకెలు ఎలా నడుస్తున్నాయో కూడా చూడండి. ఎఫ్‌మిన్‌ని కెల్విన్లలోకి మార్చి గీస్తే దాదాపు సరళరేఖలా పెరగాలి. ఎస్11 గడియారం ముల్లులా తిరుగుతుంటే గామా ఆప్ట్ దానికి ఎదురు తిరగాలి. మధ్యలో ఒక పాయింట్ ఎగిరిపడితే అది ట్రాన్సిస్టర్ గుణం కాదు, కొలతలో జరిగిన పొరపాటు. ఇక బయాస్ సంగతి చెప్పనక్కర్లేదు: మీ కరెంటు డేటాషీట్‌లో లేకపోతే రెండు పట్టికల మధ్య సగటు తీయడం కంటే, డేటాషీట్ కరెంటుకే మీ బయాస్ మార్చుకోవడం మేలు.

ట్యూనర్: హాట్-కోల్డా, కోల్డ్ సోర్సా

డేటాషీట్ లేకపోయినా, పరీక్షలో నెగ్గకపోయినా, రెండో రకం ట్రాన్సిస్టర్ చేతిలో ఉన్నా కొలవాల్సిందే. మూల ఆలోచన సులభం. తెలియనివి నాలుగు. ట్యూనర్‌తో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ మారుస్తూ కనీసం నాలుగుచోట్ల నాయిస్ కొలిస్తే నాలుగూ వస్తాయి. కొలతల్లో తప్పులుంటాయి కాబట్టి ఎక్కువచోట్ల కొలిచి లీస్ట్ స్క్వేర్స్‌తో సరిచేయాలి. దీన్ని 1969లో లేన్ చక్కటి సరళ సమీకరణాలుగా మార్చి ఇచ్చాడు. ఈరోజు వాడే సాఫ్ట్‌వేర్లన్నిటి అడుగునా ఆ ఆలోచనే ఉంది.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటి చెప్పాలి. స్మిత్ చార్ట్ (ఇంపీడెన్సులని గుర్తించే గుండ్రటి పటం) మీద ఎన్ని పాయింట్లు తీసినా అవన్నీ ఒకే వృత్తం మీద పడితే నాలుగు అంకెలూ రావు. పదహారు కాదు, నూట అరవై తీసినా రావు. ఆ వృత్తం ఎక్కడున్నా ఇంతే, ఎందుకంటే దాని సమీకరణం మన నాలుగు తెలియని వాటినీ ఒకదానికొకటి ముడివేసేస్తుంది. ఖరీదైన ట్యూనర్ లేకపోవడంతో స్థిరమైన మిస్‌మ్యాచ్ వెనక ఫేజ్ షిఫ్టర్ పెట్టి తిప్పేవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది. మాగ్నిట్యూడ్ మారదు, ఫేజ్ ఒక్కటే తిరుగుతుంది, అన్నీ ఒకే వలయం మీద. విరుగుడు సులువే: మధ్యలో 50 ఓమ్‌ల పాయింట్ ఒకటి కలపండి. ఇంకో మిస్‌మ్యాచ్‌తో రెండో వలయం తీస్తే ఇంకా మంచిది. ఈ చవక సెటప్‌తో 2 గిగాహెర్ట్జ్ దగ్గర పనికొచ్చే అంకెలే వచ్చాయి నాకు.

ప్రతి పాయింట్‌లో నాయిస్ ఎలా కొలవాలన్నదానిలో రెండు దారులున్నాయి. పాతది హాట్-కోల్డ్, అంటే వై-ఫ్యాక్టర్: ప్రతి ట్యూనర్ స్థితిలోనూ నాయిస్ సోర్స్‌ని వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి పవర్ కొలవడం. రెండోది కోల్డ్ సోర్స్: రిసీవర్‌ని కాలిబ్రేట్ చేసేటప్పుడు మాత్రమే నాయిస్ సోర్స్ వాడి, ఆ తర్వాత గది ఉష్ణోగ్రతలో ఉన్న ట్యూనర్‌తోనే పవర్ కొలిచి, గెయిన్‌ని ఎస్-పారామీటర్ల నుంచి తెచ్చుకోవడం. ఇది 1973లో అడమియన్, ఉలిర్ చూపించిన దారి.

హాట్-కోల్డ్‌లో ఒక సుఖం ఉంది. వెలిగించడానికీ ఆర్పడానికీ మధ్య కొద్ది సెకన్లే కాబట్టి రిసీవర్ గెయిన్ నెమ్మదిగా జారినా ఫలితం చెడదు. కష్టమేమిటంటే, నాయిస్ సోర్స్ వెలిగినప్పుడు దాని రిఫ్లెక్షన్ ఒకటి, ఆరినప్పుడు ఇంకొకటి. ఆ తేడాని ట్యూనర్ ఇంకా పెంచుతుంది. గేటు ఒక ఇంపీడెన్స్ చూస్తోందని మనం రాసుకుంటాం, అది రెండు చూస్తుంది. ఈ పద్ధతే వాడాల్సి వస్తే 15 డీబీ ఈఎన్‌ఆర్ (వెలిగినప్పుడు సోర్స్ అదనంగా ఇచ్చే నాయిస్ కొలమానం) ఉన్న సోర్స్ బదులు 6 డీబీ ది తీసుకోండి. హెచ్‌పీ 346 సిరీస్‌లో అయితే 346బీ కాకుండా 346ఏ. లోపల అటెన్యుయేటర్ ఎక్కువ ఉండటంతో రెండు స్థితుల మధ్య రిఫ్లెక్షన్ మార్పు తక్కువ.

కోల్డ్ సోర్స్‌లో ఆ బాధ లేదు, కొలత కూడా వేగంగా పోతుంది. ఎక్కువ ఇంపీడెన్సులు, ఎక్కువ ఫ్రీక్వెన్సీలు కావాలంటే నేను కళ్లు మూసుకుని కోల్డ్ సోర్స్ అంటాను. పీఎన్‌ఏ-ఎక్స్ లాంటి నెట్‌వర్క్ ఎనలైజర్‌లోనే నాయిస్ రిసీవర్ ఉంటే ఎస్-పారామీటర్లు, నాయిస్ ఒకే కనెక్షన్‌లో వస్తాయి. కేబుల్ విప్పి బిగించే పని తప్పడమే పెద్ద వరం. కానీ ఇది నాయిస్ సోర్స్ తప్పుని తప్పించుకునే దారి మాత్రం కాదు. కాలిబ్రేషన్‌లో ఈఎన్‌ఆర్ 0.15 డీబీ తప్పయితే, ఏ పద్ధతిలోనైనా నాయిస్ ఫిగర్ కూడా ఇంచుమించు 0.15 డీబీ తప్పే. రిసీవర్ గెయిన్ 0.05 డీబీ జారితే, కోల్డ్ సోర్స్‌లో అదీ అలాగే ఫలితంలోకి దిగుతుంది. అందుకే మా దగ్గర పరికరాలు వేడెక్కేదాకా ఆగి, మొత్తం కొలత అయ్యాక మొదటి పాయింట్‌ని మళ్లీ ఒకసారి కొలుస్తాం. రెండూ కలవకపోతే ఆ పూట డేటా పడేస్తాం.

గది ఉష్ణోగ్రత సంగతి మరీ ముఖ్యం. ప్రామాణిక ఉష్ణోగ్రత 290 కెల్విన్లు, అంటే దాదాపు 17 డిగ్రీలు. మన ఊళ్లలో ల్యాబ్ ఎప్పుడు 17 డిగ్రీల్లో ఉంది? ఏసీ బాగా పనిచేసినా 25. ఆ 8 కెల్విన్ల తేడాని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే 0.4 డీబీ ట్రాన్సిస్టర్ దగ్గర దాదాపు 0.1 డీబీ తప్పు వస్తుంది. ఒక మే నెలలో మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి, సాయంత్రానికి మా ఎఫ్‌మిన్ పైకి పాకుతూ పోయింది. ట్రాన్సిస్టర్ చెడిందేమోనని టెన్షన్ పడి రెండు మార్చాం. తీరా చూస్తే ట్యూనర్ వేడెక్కింది, ఫైల్‌లో మాత్రం ఉదయం ఉష్ణోగ్రతే ఉంది. అప్పటి నుంచి ట్యూనర్ మీద ఒక థర్మామీటర్ అంటించి ఉంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. ట్యూనర్ తిరిగే దారిలో ట్రాన్సిస్టర్ ఆసిలేట్ అయ్యే ప్రాంతం ఉండొచ్చు. అక్కడ వచ్చే అంకె నాయిస్ కాదు. ముందే స్టెబిలిటీ సర్కిల్ (ఆసిలేషన్ వచ్చే ప్రాంతానికి హద్దు) గీసి ఆ పాయింట్లు వదిలేయండి, డ్రెయిన్ కరెంటు మీద కూడా ఒక కన్నుంచండి. ఇక 900, 1800, 2100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల కొలుస్తుంటే జేబులో ఫోన్లు బయట పెట్టి రండి. వేఫర్ మీద ప్రోబులతో కొలిచేటప్పుడు మామూలుగా షీల్డింగ్ ఉండదు కాబట్టి టవర్ సిగ్నల్ నేరుగా లోపలికి వస్తుంది. షీల్డింగ్ లేకపోతే ఆ ఛానెళ్ల మధ్య ఖాళీ ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ట్యూనర్ లేకుండా: ఎఫ్50

ట్యూనర్‌కి ఒక హద్దుంది. దానికీ గేటుకీ మధ్య ఉన్న కేబుల్, ప్రోబు నష్టం వల్ల గేటు దగ్గర పెద్ద రిఫ్లెక్షన్ చూపించలేదు. చిన్న గేటు ట్రాన్సిస్టర్‌కి తక్కువ ఫ్రీక్వెన్సీలో గామా ఆప్ట్ 0.85, 0.9 ఉంటుంది. ట్యూనర్ 0.75 దగ్గరే ఆగిపోతే మిగతాదంతా ఊహే. మిల్లీమీటర్ వేవ్‌లో ప్రోబు నష్టమే పెద్దది కావడంతో ఇదే సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది.

అక్కడ పనికొచ్చేది మోడల్ దారి. 1989లో అమెరికా జాతీయ రేడియో ఖగోళ పరిశోధన సంస్థ ఎన్‌ఆర్‌ఏఓలో పోస్పిజాల్‌స్కీ ఒక అందమైన సంగతి చూపించాడు. ఎఫ్ఈటీ స్మాల్ సిగ్నల్ సర్క్యూట్ తెలిస్తే, నాయిస్ మొత్తాన్నీ రెండు ఉష్ణోగ్రతలతో చెప్పేయొచ్చు: గేటు వైపు రెసిస్టర్‌కి ఒకటి, డ్రెయిన్ కండక్టెన్స్‌కి ఒకటి. గేటు ఉష్ణోగ్రత దాదాపు గది ఉష్ణోగ్రతే. డ్రెయిన్‌ది మాత్రం వందలు, వేల కెల్విన్లు. అంటే నిజంగా తెలియనిది ఒక్కటే. ఆ ఒక్కదాన్ని తేల్చడానికి ట్యూనర్ ఎందుకు? 50 ఓమ్‌ల దగ్గర నాయిస్ ఫిగర్‌ని ఫ్రీక్వెన్సీ వెంట కొలిస్తే చాలు; ఎఫ్50 అంటే ఇదే. ఫ్రాన్స్‌లోని లిల్లేలో డాంబ్రిన్, ఆయన సహచరులు 1993లో వేఫర్ మీద 50 ఓమ్‌ల కొలతతో నాలుగు పారామీటర్లనూ రాబట్టి చూపించారు.

నా లెక్కలో ఇది తగినంత గుర్తింపు రాని పద్ధతి. పరికరాలు తక్కువ, కొలత నిమిషాల్లో అవుతుంది, ఫలితం నున్నగా వస్తుంది, మీరు కొలవని ఫ్రీక్వెన్సీకి కూడా పొడిగించుకోవచ్చు. అయితే భారమంతా మోడల్ మీద పడుతుంది. గేటు రెసిస్టెన్స్, సోర్స్ రెసిస్టెన్స్ అరఓమ్ తప్పితే ఎఫ్‌మిన్ తప్పుతుంది. వాటిని డ్రెయిన్ వోల్టేజి సున్నా దగ్గర ఎస్-పారామీటర్లు తీసి ఓపికగా రాబట్టాలి. గేటు లీకేజి ఉన్న ట్రాన్సిస్టర్లకి, కొన్ని గాలియం నైట్రైడ్ వాటికి, తక్కువ ఫ్రీక్వెన్సీలో ఈ రెండు ఉష్ణోగ్రతలు చాలవు, షాట్ నాయిస్ కలపాలి. హెచ్‌బీటీలకైతే (ఒక రకం బైపోలార్ ట్రాన్సిస్టర్లు) మోడలే వేరు: బేస్, కలెక్టర్ షాట్ నాయిస్‌లు, వాటి మధ్య సంబంధం. ప్యాకేజీ ట్రాన్సిస్టర్లకి వాడాలంటే ప్యాకేజీ మోడల్ కూడా మీదే బాధ్యత.

మరి మీకేది

మీరు విద్యార్థి అయినా, 1420 మెగాహెర్ట్జ్‌లో మొదటి యాంప్లిఫయర్ కడుతున్నా, తక్కువ ఆర్‌ఎన్ ఉన్న ప్యాకేజీ పీహెచ్‌ఈఎంటీ ఎంచుకుని డేటాషీట్‌తో వెళ్లండి. భౌతిక సాధ్యత పరీక్ష చేయండి. మిగిలిన డబ్బు మంచి ఇన్‌పుట్ ఇండక్టర్‌కీ, తక్కువ నష్టం ఉన్న బోర్డుకీ పెట్టండి. ఇన్‌పుట్‌లో 0.1 డీబీ నష్టం తగ్గిస్తే ఫలితంలో అంతా దక్కుతుంది. గామా ఆప్ట్‌ని ఇంకో ఐదు డిగ్రీలు కచ్చితంగా తెలుసుకోవడం వల్ల అందులో పావు వంతు కూడా దక్కదు.

ఎంఎంఐసీ (సర్క్యూట్ అంతా ఒకే చిప్ మీద ఉండే మైక్రోవేవ్ ఐసీ) చేస్తుంటే ఫౌండ్రీ, అంటే చిప్ తయారుచేసే సంస్థ, ఇచ్చే మోడల్‌తోనే మొదలవుతుంది. హైదరాబాద్‌లోని గేటెక్ ఫౌండ్రీకి పంపినా, బయటి దేశానికి పంపినా అడగాల్సింది ఒకటే: ఈ మోడల్ నాయిస్‌ని కొలతతో సరిచూశారా, చూస్తే ఏ గేటు వెడల్పు, ఏ కరెంటు దగ్గర? ఎంఎంఐసీలో వెడల్పు మీ చేతిలోనే ఉంది. వేలి పొడవు మార్చకుండా వేళ్ల సంఖ్య పెంచితే ఆర్‌ఎన్ తగ్గుతుంది, గామా ఆప్ట్ 50 ఓమ్‌ల వైపు జరుగుతుంది, ఎఫ్‌మిన్ దాదాపు అలాగే ఉంటుంది. కొలత తప్పులని సహించే ట్రాన్సిస్టర్‌ని మీరే తయారుచేసుకుంటున్నట్టు. దాని ధర కరెంటు, అదొక్కటే చూసుకోండి.

పది గిగాహెర్ట్జ్ లోపు, వేలల్లో అమ్మే ఉత్పత్తికి, మీ బోర్డు మీద మీ బయాస్‌తో కోల్డ్ సోర్స్ కొలత ఒకసారి చేయించండి. సెటప్ కొనక్కర్లేదు, ఉన్నచోట అద్దెకు చేయించుకోవచ్చు. ఫైల్‌తో పాటు రిఫరెన్స్ ప్లేన్ ఎక్కడో, గది ఉష్ణోగ్రత ఎంతో రాయించుకోండి. మిల్లీమీటర్ వేవ్‌లో, చిన్న గేట్లకి ఎఫ్50. వీలైతే తక్కువ ఫ్రీక్వెన్సీలో ట్యూనర్‌తో ఒక్కచోట సరిచూసుకుంటే మోడల్ మీద ధైర్యం వస్తుంది.

15, 20 కెల్విన్ల దగ్గర పనిచేసే రేడియో ఖగోళ రిసీవర్లకి మాత్రం ఆ రెండు ఉష్ణోగ్రతల మోడలే దిక్కు. చల్లబరిచాక గేటు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న చలితో పాటు దిగుతుంది, డ్రెయిన్‌ది అంతగా దిగదు. దాంతో గది దగ్గర కొలిచినదాన్ని లోపలికి తీసుకెళ్లి అంచనా వేయొచ్చు. ఆ తర్వాత యాంప్లిఫయర్ ముందు 20 డీబీ అటెన్యుయేటర్‌ని కూడా చల్లబరిచి నాయిస్ కొలిచి సరిచూడాలి. అక్కడ యాంప్లిఫయర్ నాయిసే మూడు నాలుగు కెల్విన్లు, కాబట్టి అటెన్యుయేటర్ ఉష్ణోగ్రతలో ఒక్క కెల్విన్ తప్పినా జవాబులో పావు వంతు పోయినట్టే. థర్మామీటర్‌ని పెట్టె గోడకి కాకుండా అటెన్యుయేటర్ లోపలి చిప్‌కి వీలైనంత దగ్గరగా అంటించండి.